పాలకొచ్చిన చెయ్యి

నా భార్య కుడిచెయ్యి నా వేలు పట్టుకుందన్న సంగతి నేను బస్సు బస్సంతటికీ చాటాను. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు అది, నేను దాని కండక్టర్ని. పుంగనూరు బస్టాండులో జనం ఎక్కుతుంటే టికెట్ మిషను చంకలో పెట్టుకుని, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తి చూపించి మరీ చెప్పాను. "ఈ వేలప్పా, ఈ వేలే! నలభై దినాలు పీనుగ మాదిరి పడుండిన సెయ్యి, ఈ పొద్దు లేస్తానే గట్టిగా పట్టేసుకునింది. ఇడిపించుకోలేక సచ్చినా!" ముందు సీట్లో ఉన్న ముసలామె రెండు చేతులూ జోడించింది. వెనక నుంచి ఎవరో "ఇంగేమన్నా, రెండు నెల్లల్లో ఆమే నీకు సంగటి కెలికి పెడతాది సూడు" అన్నారు. ఆ మాట నాకెంత నచ్చిందంటే పలమనేరు దాకా దాన్నే నెమరేసుకుంటూ పోయాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది పుంగనూరుకు దగ్గర్లో రోడ్డు పక్క ఊరు. నా భార్య నా మేనత్త కూతురే. నేను డ్యూటీకి పోతే ఇల్లంతా ఆమెదే, కొట్టంలో ఉన్న సీమావు కూడా ఆమెదే. అది ఎర్రావు, మహా పొగరుది. ఆమె చెయ్యి తగిలితేనే చేపేది. ఇంకెవరు కూర్చున్నా పాలు పొదుగులోకి ఎగబట్టుకుని, వెనక్కి తిరిగి చూసేది. ఒకసారి ఆమె పెళ్ళికి పోయి రెండు పూటలు రాకపోతే నేను పిండబోయాను. నా మోకాలి మీద ఆ గిట్ట మచ్చ ఇంకా ఉంది.

పక్షవాతం వచ్చింది ఆ ఆవు కిందే. ఫస్టు డ్యూటీ కోసం నేను వాకిట్లో గడ్డం గీసుకుంటున్నాను. కొట్టంలో బకెట్టు దొర్లిన శబ్దం వచ్చింది. పోయి చూస్తే పాలన్నీ పేడలో కలిసి కాలవ కడుతున్నాయి, ఈమె పక్కకు ఒరిగి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పమంటారా? తిట్టాను. "ఏమే, కండ్లు యాడ పెట్టుకోని పిండతాండావు? పాలన్నీ పారబోస్తివి కదే!" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. నోరు ఎడమకు లాక్కుపోయి ఉంది, కుడి పెదవి కొస నుంచి సొంగ కారుతోంది. చేతిలో గడ్డం కత్తి అట్లాగే పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

మదనపల్లెలో ఆసుపత్రిలో ఉన్న రోజులన్నీ చెప్పను. మెదడులో ఎడమ పక్క రక్తం గడ్డకట్టిందన్నారు, అందుకే కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయన్నారు. చెయ్యి ఎత్తి వదిలితే దబ్బున మంచం మీద పడేది. మాట బొత్తిగా లేదు. మనం చెప్పేది కొంత అర్థమయ్యేది, కొంత అయ్యేది కాదు. ఏది అయిందో ఏది కాలేదో మాకు తెలిసేది కాదు.

ఇంటికి పంపించేటప్పుడు ఫిజియోథెరపీ తప్పనిసరి అని రాసిచ్చారు. మదనపల్లెలోనే ఒక సందులో ఒక అమ్మాయి చూసేది. సాయిబుల పిల్ల. ఫోనులో వాళ్ళమ్మతో ఉర్దూ, మాతో మా తెలుగే. చిన్న మనిషి, చేతుల్లో మాత్రం మంచి బలం. నా భార్యను "అక్కా" అనేది, నన్ను "అన్నా" అనేది. మంచం అంచున కూర్చోబెట్టి, పడిపోయిన చేతిని పక్కన పరుపు మీద అరచెయ్యి ఆనేట్టు పెట్టి, దాని మీద ఒళ్ళంతా వాల్చమనేది. కాలికి వేరే కసరత్తు, నడుముకు వేరే. పోయేటప్పుడు ఒక స్ప్లింటు ఇచ్చింది. వేళ్ళు చాపి, బొటనవేలు ఎడంగా ఉండేట్టు మోచేతి కింది నుంచి కట్టే తెల్లటి చెక్కలాంటిది.

"అన్నా, ఇంగ కొన్ని దినాలకు సెయ్యి గట్టిపడతాది" అంది ఆ అమ్మాయి. "అది బలం అనుకోవద్దండి. మెదడు చెప్పకుండానే కండ లాక్కునేది అది. అప్పుడే మనం వేళ్ళు తెరిచి పెట్టాల. బంతి ఇచ్చి పిసకమనొద్దు. రాత్రిపూట ఈ పట్టీ ఇప్పొద్దు."

సరేమ్మా అన్నాను. రోజూ వెయ్యిమందికి సరే అనే నోరు నాది. ఆడవాళ్ళకు చార్జీ లేకుండా అయినప్పటి నుంచి బస్సులో ఒంటికాలి మీద నిలబడటానికి కూడా చోటు ఉండదు, అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు, అన్నిటికీ సరే అంటాను. ఇదీ అట్లాగే అన్నాను.

నలభయ్యో రోజో, నలభై ఒకటో. పొద్దున మొహం కడిగిస్తూ ఆమె కుడి అరచేతిలో వేలు పెట్టి తుడుస్తున్నాను. వేళ్ళు మెల్లగా మడుచుకుని నా వేలు మీద బిగుసుకున్నాయి. నేను లాగితే రాలేదు. "అత్తా! అత్తా! ఈడికి రా!" అని అరిచాను. మా అత్త, అంటే ఆమె తల్లి, మాతోనే ఉంటుంది. పొయ్యి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి ఆ చేతిని చూసింది, తిప్పి చూసింది, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఓరి నా తండ్రీ... సెయ్యి పాలకొచ్చిందిరా!" అంది.

ఆమె ఏం చూసి అట్లా అందో చెప్పాలి. మా పక్క పాలు పిండేవాళ్ళు బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుకూ మిగతా వేళ్ళకూ మధ్య చన్ను పట్టి పిండుతారు. పిండీ పిండీ నా భార్య బొటనవేలి కణుపు మీద రేగ్గాయంత కాయ కాచి ఉంది. ఇప్పుడు ఆ చెయ్యి అచ్చం అట్లాగే మడుచుకుంది. బొటనవేలు లోపల, నాలుగు వేళ్ళు పైన. ముప్పై ఏళ్ళు చేసిన పనిని చెయ్యి తనంతట తాను గుర్తు తెచ్చుకుందనుకున్నాం. ఊళ్ళో ఆవు ఉన్న ఏ ఇంటివాళ్ళు చూసినా అట్లాగే అనుకుంటారు, అట్లాగే అన్నారు కూడా. పక్కింటామె వచ్చి చూసి "మనిషి మరిసినా సెయ్యి మరస్తాదా అక్కా" అని కన్నీళ్ళు పెట్టుకుంది. నా భార్య కూడా ఏడ్చింది. మేం నవ్వుతున్నాం, ఆమె ఏడుస్తోంది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాం.

ఆ రోజే స్ప్లింటు తీసి అటక మీద పడేశాను. చెయ్యి మడుచుకుందామని చూస్తుంటే ఇదేందిది అడ్డం! మదనపల్లె పోవడం కూడా మానేశాం. కొన్ని దినాలకు ఆ ఫిజియో అమ్మాయే ఫోను చేస్తే "బాగుండాదమ్మా, సెయ్యి వచ్చేసింది" అన్నాను. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. బస్సు కదిలిపోతోందని పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఆ పొద్దు నాకు డ్యూటీనే లేదు. మనసులో అనుకున్నదేమంటే, పాలు ప్యాకెట్లో వస్తాయనుకునే పట్నం పిల్ల, పాలచెయ్యి సంగతి దానికేం తెలుసు అని.

తర్వాత మూడు నెలలు నేను చేసిన ఘనకార్యం వినండి. పిల్లలాడే రబ్బరు బంతి తెచ్చాను. డ్యూటీకి పోయే ముందు నూరు సార్లు, వచ్చినాక నూరు సార్లు. "పిండు మే, పిండు! ఎర్రావనుకో!" బంతి అయినాక తడిబట్ట. బట్ట చేతిలో కుక్కి మా అత్త కూడా కూర్చుని పిండించేది. ఆమె ఎడమచేత్తో బంతిని నెట్టేసేది. మంచం కిందికి దొర్లిస్తే నేను వంగి తెచ్చి మళ్ళీ పెట్టేవాణ్ణి. "సోమరిపోతువైపోతివే నువ్వు. ఇంత వచ్చినాక ఇడుస్తారా యాడన్నా?" అని కసిరాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆమె తల గోడ వైపు తిప్పుకునేది. పిడికిలి నానాటికీ బిగిసింది. నానాటికీ బిగుస్తోందని నేను మురిసిపోయాను. మోచెయ్యి కూడా మడుచుకుని ఛాతీకి అంటుకుపోయింది. చెయ్యి పైకి లేస్తోందని దానికీ మురిసిపోయాను.

ఎర్రావు అప్పటికి సగం పాలే ఇస్తోంది. మా అత్త కూర్చుంటే కాలు ఎత్తేది, కట్టేసి పిండాల్సి వచ్చేది. ఒక ఆదివారం సాయంత్రం మా అత్తకు ఆలోచన వచ్చింది. "దానికీ ఈమె కావాల, ఈమెకూ అది కావాల. కూసోబెట్టి సూద్దాం" అంది. నాకు ఎందుకు తట్టలేదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆవు వెనక కాళ్ళు కట్టేశాం. స్టూలు వేసి, నేను వెనక నుంచి ఆమె నడుం పట్టుకుని కూర్చోబెట్టాను. మా అత్త పొదుగు కడిగింది, నూనె రాసింది. ఆవు ఆమె వాసన పట్టి మెడ తిప్పి ఒక్కసారి నాకింది, చేపింది కూడా. పొదుగు నిండుకుంటూ కనిపిస్తోంది. నేను ఆమె పిడికిలి కష్టపడి కొంచెం తెరిచి, చన్ను లోపల పెట్టాను. వేళ్ళు టక్కున మూసుకున్నాయి.

"పిండు మే" అన్నాను.

ఒక్క చుక్క రాలేదు. ఆమె ప్రయత్నం చేసిన కొద్దీ మోచెయ్యి పైకి లాక్కుంది, పిడికిలి ఇంకా బిగిసింది, చన్ను సాగిపోతోంది. ఆవు కదిలింది. "వదులు" అన్నాను. వదల్లేదు. "వదులు మే! వదులు!" అని అరిచాను. నేను అరిచేకొద్దీ ఆ చెయ్యి బిగిసింది. గోళ్ళు దిగి చన్ను మీద రక్తం కనిపించింది. ఆవు కట్టుతాడు తెంపుకుని తన్నింది. స్టూలు ఎగిరిపోయింది, ఆమె పేడలో పడింది, పడినా చెయ్యి వదల్లేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ వేళ్ళు ఒక్కొక్కటే పీకి విప్పాను. మా అత్త గుండెలు బాదుకుంటోంది.

అప్పుడు నా భార్య నోరు తెరిచింది. నాలుగు నెలల తర్వాత మొదటి మాట. "రాదు" అంది. చాలా స్పష్టంగా అంది. మళ్ళీ "రాదు" అంది.

మర్నాడు సెలవు పెట్టి మదనపల్లె తీసుకుపోయాను. ఆ ఫిజియో అమ్మాయికి పిడికిలి తెరవడానికే చాలాసేపు పట్టింది. ముందు మణికట్టును లోపలికి వంచింది, అప్పుడు బొటనవేలును మొదట్లో పట్టి బయటికి తీసింది, ఆ తర్వాతే వేళ్ళు. సగమే తెరుచుకున్నాయి. లోపల అరచెయ్యి నానిన బట్టలా తెల్లగా ఉంది, గోళ్ళు దిగిన చోట నాలుగు పుండ్లు. వాసన వచ్చింది. రోజూ మొహం కడిగించే మొనగాణ్ణి, అరచెయ్యి ఎన్నాళ్ళుగా కడగలేదో నేను చెప్పలేకపోయాను. బంతి సంగతి, ఆవు సంగతి అంతా చెప్పాను. ఆ అమ్మాయి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పట్టుకునేది కాదన్నా పని" అంది. "వదిలేదే పని. పట్టుకునేది ఈ జబ్బే చేస్తాది, వద్దన్నా చేస్తాది. పాలు పిండేటప్పుడు కూడా అంతే కదన్నా? వేళ్ళు వదిల్తేనే కదా చన్నులోకి మళ్ళీ పాలు దిగేది. మా నాయనమ్మకు రెండు బర్రెలుండె. నేను పిండి పోసి బడికి పోయేదాన్ని."

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుడి గోడకు ఉన్న అద్దంలో నా మొహం కనిపిస్తుంటే అటు తిరగకుండా కూర్చున్నాను.

కుప్పం పక్క ఒక పెద్దాసుపత్రిలో కండలకు సూదులు వేసి బిగువు తగ్గిస్తారని, ఒకసారి చూపించమని రాసిచ్చింది. నేను డ్యూటీ చేసే బస్సులోనే తీసుకుపోయాను, ఆ రోజు ఇంకో కండక్టరు. పుంగనూరులో ఎక్కేటప్పుడు ఆమె కుడికాలు ఫుట్‌బోర్డు మీద పెట్టగానే మడమ టకటకా కొట్టుకోవడం మొదలైంది. అది నిలిచేదాకా ఇంకో అడుగు వెయ్యకూడదు. వెనక జనం తోస్తున్నారు. "తొందరగా ఎక్కమ్మా, యాలవుతాంది" అన్నాడు కండక్టరు. ఆ మాట నేను నా సర్వీసులో ఎన్ని వేలసార్లు అన్నానో. అతన్ని ఏమనగలను? ఆమె తలొంచుకుని, వణికే కాలును చూస్తూ నిలబడింది.

డాక్టరు మంచివాడు. చెయ్యి అటూ ఇటూ వంచి, చాలాసేపు చూశాడు. సూదులు కండను కొంత మెత్తబరుస్తాయి గానీ, వేళ్ళ కీళ్ళు గట్టిపడి, కండల కొసలు ఇప్పటికే పొట్టిబడిపోయాయన్నాడు. "అరచెయ్యి కడుక్కోడానికి వీలయ్యేంత తెరుచుకుంటే చాలు, అంతకుమించి ఆశపెట్టుకోవద్దు" అన్నాడు. నేను ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్ళీ ఒక్కణ్ణే లోపలికి పోయాను.

"సార్, నేను బంతి పిసికించినందుకేనా ఇట్లయింది?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అట్లా చెప్పలేమప్పా. కొందరికి అన్నీ సరిగ్గా చేసినా ఇట్లే అవుతాది. నీది మాత్రం కొంచెం లేటయింది" అన్నాడు.

ఆ కొంచెం ఎంతో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. తప్పు నాదే అని ఒకరు తేల్చి చెబితే మోసేవాణ్ణి, కాదని తేల్చి చెబితే దించేసేవాణ్ణి. రెండూ కాలేదు. ఇప్పటికీ టికెట్లు కొడుతూ కొడుతూ ఆ మూడు నెలలను లెక్కేసుకుంటూ ఉంటాను.

సూదులు వేయించాం. రెండు మూడు వారాలు వేళ్ళు కాస్త వదులయ్యాయి. మా అత్త దేవుడికి మొక్కింది. తర్వాత మళ్ళీ యథాప్రకారం మూసుకున్నాయి. ఎర్రావును మా చిన్నాయన ఇంటికి తోలేశాం. అది పోతున్నప్పుడు నా భార్య వాకిట్లోకి రాలేదు. ఇప్పుడు గేటు దాకా నడుస్తుంది, తిరిగి వస్తుంది. కుడికాలిని పక్కకు అర్ధచక్రం తిప్పి వేస్తుంది, మట్టి మీద ఆ గీత పడుతుంది. ఫిజియో అమ్మాయి నెలకొకసారి చూసి ఇంతకంటే దిగజారకుండా చూసుకోవాలన్నా అంటుంది. బాగుపడతాది అనే మాట ఆమె నోట విని చాలా కాలమైంది.

మాటలు మాత్రం కొంచెం వచ్చాయి. మొదట ఒక్కొక్కటి, ఇప్పుడు రెండు మూడు కలిపి. నీళ్ళు అనబోయి నిప్పులు అంటుంది, అని తానే తల కొట్టుకుంటుంది.

రోజూ సాయంత్రం నా పని ఒక్కటే. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి చేతికి చుట్టడం, మెత్తబడినాక మణికట్టు వంచి, బొటనవేలు తీసి, వేళ్ళు తెరవడం, అరవై దాకా అంకెలు లెక్కపెట్టడం. అరచెయ్యి తుడిచి పౌడరు చల్లి, పాతచీర గుడ్డ చుట్ట చేసి పెట్టడం. అటక మీది స్ప్లింటు దించి తుడిచి చూశాను. ఇప్పుడు ఆ చెయ్యి దానిలో పట్టదు.

పోయిన ఆదివారం అంకెలు లెక్కపెడుతుంటే నా వేలు జారింది. ఆమె వేళ్ళు టక్కున దాని మీద మూసుకున్నాయి. అదే ఎడమచేతి చూపుడువేలు. నాకెందుకో ఆ పొద్దు గుర్తొచ్చింది. ఆమెను కొంచెం నవ్విద్దామనుకున్నాను.

"ఏమే, మళ్ళీ పట్టుకుంటివే. నన్ను ఇడిసేది లేదా ఏమి?"

ఆమె నవ్వలేదు. తన చేతిని ఎవరిదో చేతిని చూసినట్టు చూసింది.

"నేను కాదు బావా" అంది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ అంది. "అదే... పట్టుకునింది."

నేను ఊరుకుని ఉండాల్సింది. నోరు ఊరుకుంటే కదా. "ఇప్పుడు సరేలే. ఆ పొద్దు, మొదటిసారి? బస్సులో అందరికీ సెప్తినే, ఆ పొద్దు నువ్వే కదా?"

ఆమె కొట్టం వైపు చూసింది. ఖాళీ గుంజకు తాడు ముక్క ఇంకా వేలాడుతోంది. మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. నేను వేలు కదపకుండా కూర్చున్నాను.

"ఆ పొద్దూ... నేను కాదు" అంది. "సెప్పేకి నోరు రాలే. నువ్వు... నవ్వుతాంటివి."

ఆమె మణికట్టు లోపలికి వంచి, బొటనవేలు బయటికి తీసి, నా వేలు విడిపించుకున్నాను. మళ్ళీ ఒకటి నుంచి అంకెలు మొదలుపెట్టాను.